సుగుణ గారి పుట్టినరోజు

కెనడాకు పడమటి చివరనున్న బర్నబీలో మా ఆఫీసు కింద ఒక కిరాణా దుకాణం ఉంది. తలుపు తీయగానే ఎడమవైపు నీళ్ళ బకెట్లలో పూలు పెట్టి ఉంచుతారు. మొన్న శుక్రవారం పాలు కొనడానికి వెళ్ళి, ఏమీ తోచక ఒక చామంతి ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపాను. ఆ చేదు వాసన ముక్కుకు తగలగానే పాల డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. టొరంటో దగ్గరి హామిల్టన్‌లో చదువుకున్న రెండేళ్ళూ నా చేతులు అన్నం తినేటప్పుడు కూడా ఇదే వాసన వచ్చేవి. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. కౌంటరు దగ్గరి ఆవిడ నన్ను అదోలా చూసింది. ఆకు తుంచినందుకు చూసిందో, కళ్ళు తుడుచుకుంటున్నందుకు చూసిందో తెలియదు. సుగుణ గారు గుర్తొస్తే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత నవ్వు వస్తుంది, ఆ తర్వాత ఏం రావాలో నాకే తెలియదు.

సుగుణ గారు మీకెవరికీ తెలియదు. హామిల్టన్‌లో ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళే దారిలో, ఒక లాండ్రీకీ మంగలి షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న పూల దుకాణం ఆవిడది. భర్త ఆ ఫ్యాక్టరీలోనే ఇంజనీరుగా పనిచేసి, రిటైరైన కొన్నాళ్ళకు పోయారు. ఒక్కడే కొడుకు, రవి, టొరంటోలో పళ్ళ డాక్టరు. ఇంట్లో కూర్చుంటే గోడలు మాట్లాడతాయని చెప్పి ఆవిడ ఆ దుకాణం పెట్టుకున్నారట. నేను చూసేనాటికి ఆవిడకు డెబ్బై దాటాయి. గుంటూరు మనిషి. నేత చీర మీద స్వెట్టరు, దాని మీద ఆకుపచ్చ ఏప్రను, కాళ్ళకు మోకాళ్ళదాకా మంచు బూట్లు. గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది.

నేను హామిల్టన్ చేరింది విద్యార్థులు వరదలా వచ్చిపడిన రోజుల్లో. ఏ బస్సెక్కినా తెలుగే వినిపించేది. కాఫీ షాపులో ఒక ఉద్యోగం ఖాళీ అయిందంటే చాలు, రెజ్యూమెలు పట్టుకుని మూల తిరిగేదాకా లైను కట్టేవాళ్ళం. మా అద్దె ఇంట్లో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. అందులో ఏడుగురం పార్ట్‌టైమ్ వెతుక్కునేవాళ్ళమే. నెలన్నర తిరిగి, కాళ్ళు కాయలు కాసి, చివరికి నాకూ పూలకూ ఏ సంబంధమూ లేకపోయినా ఆ దుకాణంలోకి దూరాను. ఆవిడ నా రెజ్యూమె తీసుకుని చదువు చూడలేదు, అనుభవం చూడలేదు. అడుగున ఉన్న ఒక్క లైను దగ్గర ఆగిపోయారు.

"పుట్టిన తేదీ రాశావేంటయ్యా? ఇక్కడ రెజ్యూమెలో ఎవరూ రాయరు."

"తెల్వదు ఆంటీ. మా కన్సల్టెన్సీవాళ్ళు ఇచ్చిన ఫార్మాట్ ఇది."

"జూన్ ఒకటి." కళ్ళద్దాల మీదుగా నన్ను చూశారు. "నిన్ను ఏ హెడ్మాస్టరు కన్నాడు?"

నాకు నవ్వాగలేదు. మాది నల్గొండ దగ్గర ఒక పల్లె. బడిలో చేర్చుకునే రోజున అయిదేళ్ళు నిండినట్టు లెక్క కుదరాలి కాబట్టి మా హెడ్మాస్టరు సారు అందరికీ జూన్ ఒకటో, జూన్ పదో వేసేవారు. మా ఊళ్ళో కాగితాల ప్రకారం మిగతా పదకొండు నెలల్లో పిల్లలు పుట్టనే పుట్టరు. అది తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. అసలు తేదీ ఏదని ఆవిడ అడిగితే, కార్తీక పున్నమి పోయిన మూడోనాడని మా అమ్మ చెబుతుందని చెప్పాను. ఆవిడ ఫోన్‌లో పాత పంచాంగం తీసి, వేలితో పైకీ కిందకీ జరిపి, "నవంబరు. అయితే నీది చామంతి. రేపు పదింటికి రా," అన్నారు. ఉద్యోగం ఇచ్చారో, జాతకం చెప్పారో అర్థం కాక, రెండింటికీ కలిపి థాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఇక్కడివాళ్ళకు నెలకో పువ్వు ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. జనవరిలో పుట్టినవాళ్ళకు కార్నేషన్, జూన్‌వాళ్ళకు గులాబీ, అక్టోబరుకు మన బంతి, నవంబరుకు చామంతి, ఇలా. నాకు అదంతా పూలమ్ముకోవడానికి పుట్టించిన కథలాగే అనిపించింది, ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది. "ఒక నెలలో పుట్టిన కోట్లమందికి ఒకటే పువ్వేంది ఆంటీ?" అని వాదించాను. "ఒక రాశిలో పుట్టిన కోట్లమంది ఒకటే ఫలితం చదువుకోవట్లా? కాడలు ఏటవాలుగా కొయ్, నిటారుగా కాదు," అన్నారు. ఆవిడతో వాదన ఎప్పుడూ ఇలాగే ముగిసేది. నోటికి జవాబూ, చేతికి పనీ ఒకేసారి దొరికేవి.

కానీ ఆవిడ పూలమ్మే పద్ధతి మాత్రం నేను ఎక్కడా చూడలేదు. పుట్టినరోజుకని ఎవరు వచ్చినా, పూలు చుట్టి ఇచ్చేముందు ఒక ప్రశ్న వేసేవారు. ఆ మనిషి చేసే పని ఒకటి చెప్పండి, మీరు తప్ప ఇంకెవరూ గమనించనిది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కార్డు మీద రాసేవారు. చెప్పలేకపోతే అమ్మేవారు కాదు. "వెళ్ళి ఒక రౌండ్ నడిచి రండి, గుర్తొస్తుంది," అని బయటికి పంపేవారు. చలికాలంలోనైతే బయట గడ్డకట్టే చలి. ఒకరోజు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన ఒక పెద్దాయన, నల్లబడ్డ చేతులతో, భార్యకోసం సెప్టెంబరు పువ్వైన ఆస్టర్లు అడిగాడు. ప్రశ్న వినగానే చిరాకుపడ్డాడు. పెళ్ళై ముప్పై ఏళ్ళయింది, ఏం చెప్పమంటావు అన్నాడు. వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కాసేపు నేల చూసి, నేను డ్యూటీకి లేచేసరికి నా బూట్లు హీటరు దగ్గర బోర్లించి ఉంటాయి, ఆవిడ ఎప్పుడు లేచి పెడుతుందో నేను ఎన్నడూ చూడలేదు అన్నాడు. అది చెప్పి ఆయనే ఆశ్చర్యపోయాడు. సుగుణ గారు అదే రాసిచ్చారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో అతను తలుపు తీస్తూనే, అడక్కముందే ఇంకొక సంగతి చెప్పాడు.

మా ఇంటి కుర్రాళ్ళను కూడా ఆవిడ వదల్లేదు. ఆ జూన్‌లో ఎనిమిది మందిలో నేను కాక ఇంకో అయిదుగురికి సర్టిఫికెట్ పుట్టినరోజులు వచ్చాయి. ఒకే కేకు కొని, అయిదుగురినీ వరసగా నిలబెట్టి కోయించి ఫోటో తీశాం. ఆ ఫోటో ఆవిడకు చూపించడం నా తప్పు. "అంతా దొంగ పుట్టుకలే! ఫోన్లు తియ్యండి. మీ అమ్మలకు చెయ్యండి," అని అయిదుగురినీ ఆదివారం మధ్యాహ్నం దుకాణానికి రప్పించారు. ఎప్పుడు పుట్టానని కాదు, ఆ రోజు ఏం జరిగిందని అడగాలి. అదీ షరతు. నా రూమ్మేట్ సాయి వాళ్ళమ్మ, ఆ రోజు ఊళ్ళో ఓట్లు వేస్తున్నారనీ, నొప్పులతోనే వెళ్ళి ఓటేసి వచ్చి వాణ్ణి కన్నదనీ చెప్పింది. వాడు ఇరవై మూడేళ్ళు బతికి ఆ మాట ఎన్నడూ వినలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆకులు ఏరుతూ కూర్చున్నాడు. సుగుణ గారు తలుపు వెనక ఉన్న క్యాలెండరులో ఒక్కొక్కరి అసలు నెలా, పువ్వూ రాసుకున్నారు.

నా నెల ముందే తెలుసని జూన్‌లో నన్ను వదిలేసినా, నవంబరులో నా వంతు వచ్చింది. దుకాణం తెరిచేసరికి బల్ల మీద చామంతి కుండీ ఒకటి ఉంది, పసుపుది, మా అమ్మ తలలో పెట్టుకునే రకం. "తీసుకో. కానీ ముందు ఇంటికి ఫోన్ చెయ్," అన్నారు. మా అమ్మ ఫోన్లో రెండు నిమిషాలకన్నా మాట్లాడే మనిషి కాదు. తిన్నావా, చలి పెడుతుందా, సరే ఉంటా, అంతే. ఆ రోజు మాత్రం నలభై నిమిషాలు మాట్లాడింది. "వాన దంచి కొట్టింది బిడ్డా. మంత్రసాని వాగు అవతల ఉండె. మీ నాయిన ఆమెను భుజాల మీద కూసోబెట్టుకొని వాగు దాటిచ్చిండు. ఆమె తిట్లు ఇంటిదాకా ఇనబడ్డయ్." మా నాన్న జీవితంలో ఎవరికోసమైనా పరిగెత్తాడని కూడా నాకు తెలియదు. నేను ఆయన్ను మొద్దుమనిషి అనుకునేవాణ్ణి. ఫోన్ పెట్టి కుండీ ముందు కూర్చుంటే, ఇన్నేళ్ళూ ఎవరి మీద కోపం పెట్టుకున్నానో తెలియక తికమకపడ్డాను. సుగుణ గారు బకెట్లు కడగడానికి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే క్యాలెండరు మొత్తం తిరగేశాను. మా ఎనిమిది మందీ ఉన్నారు, పోస్టు ఇచ్చే అతను ఉన్నాడు, లాండ్రీ ఆవిడ ఉంది. సుగుణ గారు లేరు. "మీదెప్పుడు ఆంటీ?" అంటే, "గులాబీల ముళ్ళు తీశావా?" అన్నారు. మళ్ళీ అడిగితే, "నా వయసుకి పుట్టినరోజేంటయ్యా," అన్నారు. అందరి పుట్టుకలూ తవ్వితీసే మనిషి తన దగ్గరికి వచ్చేసరికి మాట మార్చడం నాకు మింగుడుపడలేదు. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది. ఎలాగైనా ఆవిడ పుట్టినరోజు కనుక్కుని, ఆవిడకు ఆవిడ పద్ధతిలోనే చేయాలని పట్టుబట్టాను. ఆవిడ నాకిచ్చిన దానికి బదులు ఇవ్వగలిగేది అదొక్కటే అనిపించింది.

దారి ఆవిడే చూపించారు. ఫ్లూ టీకా కోసం మందుల షాపు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ఆ వెబ్‌సైటు నాకు అర్థం కాదు, నువ్వు నింపు అని హెల్త్ కార్డు నా చేతికిచ్చారు. దాని మీద పుట్టిన తేదీ ఫిబ్రవరిలో ఉంది. జూన్ కాదు కదా, ఇది హెడ్మాస్టరు తేదీ కాదు, నిజమైనదే అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఫిబ్రవరి పువ్వు వయొలెట్. ఆ చలికాలంలో అసలు వయొలెట్లు దొరకవు, సూపర్‌మార్కెట్లో ఆ పేరుతో అమ్మే చిన్న కుండీలు దొరికాయి, మా ఇంటివాళ్ళం కలిసి పన్నెండు కొన్నాం. ఆవిడ చేసే చిన్న చిన్న పనులు తలా ఒకటి కార్డుల మీద రాశాం. కేకు తెచ్చాం. లాండ్రీ ఆవిడను, బూట్ల పెద్దాయనను, టొరంటో నుంచి రవిని కూడా పిలిచాం. ఆవిడ వచ్చి తలుపు తీసేసరికి దుకాణమంతా ఊదారంగు.

ఆవిడ అరుస్తారనుకున్నాను. కనీసం, "ఇవి అసలు వయొలెట్లు కావయ్యా, పేరు తగిలించుకున్న వేరే మొక్కలు," అని పాఠమైనా చెబుతారనుకున్నాను. ఆవిడ ఒక్కొక్క కుండీ దగ్గరకు వెళ్ళి ముట్టుకున్నారు. కేకు కోశారు. అందరికీ థాంక్స్ చెప్పారు. కార్డులు మాత్రం తెరవకుండా ఏప్రను జేబులో పెట్టుకున్నారు. మరునాడు దుకాణం తెరవలేదు, ఆ మరునాడూ తెరవలేదు. మూడోనాడు నేను వెళ్ళేసరికి బల్ల మీద ఒక్క కుండీ కూడా లేదు. ఏం తప్పు చేశామో నాకు తెలియలేదు. ఇంకో దుకాణంలో పూలు కొన్నందుకు కోపమా? కొడుకును పని మానిపించి రప్పించినందుకా? నాలుగు వారాలు ఆవిడ పని చెప్పడం తప్ప వేరే మాట మాట్లాడలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, నేను కత్తెర కింద పెట్టి, "ఆంటీ, నన్ను తీసేయాలనుకుంటే చెప్పండి. గిట్ల మాట్లాడకుండ ఉంటే నాకైతలేదు," అన్నాను.

ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు.

"ఆ రోజు మా అక్క పుట్టినరోజు నరేశ్," అన్నారు.

సుగుణ అనేది ముందు ఆవిడ అక్క పేరట. ఏడాది రెండు నెలల పిల్ల, జ్వరం వచ్చి పోయింది. ఆ తర్వాత ఏడాదికో, ఏడాదిన్నరకో ఈవిడ పుట్టారు. అక్క పేరే పెట్టారు. అక్క పుట్టుకను తండ్రి మున్సిపాలిటీలో రాయించాడు, రెండోసారి రాయించే ఓపిక ఆయనకు లేకపోయింది. బడిలో కాగితం అడిగితే పాత కాగితమే ఇచ్చాడు. అలా ఈవిడ తనకంటే రెండేళ్ళు పెద్దదై, తరగతిలో అందరికంటే పొట్టిదై, ఆ తేదీతోనే పరీక్షలు రాసి, పెళ్ళి చేసుకుని, కెనడా వచ్చేశారు.

"మరి మీది?" అన్నాను.

"తెలీదు. ఫిబ్రవరిలో ఆ రోజు వస్తే మా అమ్మ పొయ్యి వెలిగించేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. నేను ఎప్పుడు పుట్టానే అని అడగాలని ఎన్నిసార్లు దగ్గరికెళ్ళానో. అడిగితే ఏమంటుందో అని భయం. నేను పుట్టినందుకు దానికి సంతోషమైందో, ఇంకా ఏడుపొచ్చిందో. నేను అడక్కముందే పోయింది." ఏప్రను అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు: "మీరు తెచ్చిన పూలు ఇంటికి పట్టుకెళ్ళి అక్కకి పెట్టాను. దానికి ఇన్నేళ్ళలో ఎవరూ పువ్వు పెట్టలేదయ్యా. మీరేం తప్పు చెయ్యలేదు."

తప్పు చేయలేదని ఆవిడ అన్నా, చేసినట్టే ఉంది నాకు. నాకే దొంగ తేదీ ఉండగా ఆవిడకు ఉండదని ఎలా అనుకున్నాను? మేం కేకు కోసింది ఎవరికి? ఆ కార్డుల మీద రాసిన పనులన్నీ ఈవిడవి, రోజు ఇంకొకరిది. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. అయిదుగురు కుర్రాళ్ళను కూర్చోబెట్టి అమ్మలకు ఫోన్లు చేయించింది ఎందుకో. బుర్ర తిరిగిపోయింది. కానీ నేను ఊరుకునే రకం కాదని చెప్పానుగా. "ఎవరో ఒకరికి తెలిసే ఉంటది ఆంటీ, ఎవరున్నరు ఇంక?" అని వారం రోజులు వేధించాను. ఒక పిన్ని ఉన్నారట, గుంటూరులో, తొంభైకి దగ్గర పడ్డావిడ, అమ్మకు చెల్లెలు. పురుడు పోసిన ఇంట్లోనే ఉన్నావిడ. "ఇప్పుడు తెలుసుకుని ఏం చేసుకుంటానయ్యా," అన్నారు సుగుణ గారు. అది వద్దని చెప్పే గొంతు కాదు. ఆవిడకు కావలసింది తేదీ కాదని నాకు తెలిసి ఉండాల్సింది. నాకు మాత్రం నెల కావాలి, ఆ నెల పువ్వు కావాలి, ఈసారి తప్పు పోకుండా చేయాలి. అంతే నా లోకం.

ఒక ఆదివారం పొద్దున, దుకాణం తెరవకముందు, బల్ల మీద బకెట్టుకు నా ఫోను ఆనించి వీడియో కాల్ చేశాం. అక్కడ సాయంత్రం. పిన్ని గారికి చెవులు సరిగా వినబడవు, పక్కన మనవరాలు మా మాటలు గట్టిగా అందిస్తోంది. "చిట్టీ, చిక్కిపోయావే," అని ఏడ్చారు. కుశలాలన్నీ అయ్యాక, నేను సైగ చేస్తే, సుగుణ గారు అడిగారు. "పిన్నీ, నేను ఎప్పుడు పుట్టాను?"

"మామిడికాయలు కోసే రోజులే అమ్మా. ఆవకాయ పెడుతున్నాం."

ఏప్రిలో, మేయో అని రాసుకున్నాను. ఇంకో నిమిషానికి ఆవిడే, "కాదు, దీపాలు వెలిగించి లోపలికొచ్చాం, దీపావళి," అన్నారు. అక్టోబరో, నవంబరో అని రాశాను. ఆ తర్వాత, "ఆవకాయ మీ అక్కప్పుడేమో," అన్నారు, కానీ అక్క పుట్టింది ఫిబ్రవరిలో కదా! నా కాగితం మీద కొట్టివేతలు తప్ప ఏమీ మిగల్లేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంతలో సుగుణ గారు, నేను చెప్పని ప్రశ్న అడిగారు. గొంతు చాలా చిన్నగా ఉంది.

"అమ్మ ఏడ్చిందా పిన్నీ? నేను పుడితే?"

మనవరాలు రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పిన్ని గారికి ఈసారి తడబాటు లేదు.

"ఏడవడమేంటే? పదకొండో రోజు పురిటి స్నానం పోయించాం. బయటికి రాగానే పూలు కావాలంది. పెద్దది పోయినప్పట్నించి దాని తలలో పువ్వు ఎరగం. ఏడాది. మీ నాన్న బతిమాలినా పెట్టుకోలా. ఆ రోజు అడిగి మరీ పెట్టించుకుంది. నేనే కట్టిచ్చా. అద్దం తెమ్మంది. నిన్ను ఒళ్ళో పెట్టుకుని అద్దంలో నీకు చూపించింది, అమ్మకి పూలు బాగున్నాయా అని."

సుగుణ గారు ఫోనుకు దగ్గరగా జరిగారు. "ఏం పూలు పిన్నీ?" అన్నారు.

"కనకాంబరాలు."

"ఏం పూలూ?"

"కనకాంబరాలే, చిట్టీ. పెరటి నిండా ఉండేవి. ఏడాది పొడుగునా పూసేవి."

నేను చేతిలో పెన్నుతో, "అబ్బ, ఏడాదంతా పూస్తే నెల ఎట్ల తెలుస్తది!" అనేశాను. కాల్ అయిపోయాక సుగుణ గారు నా వైపు తిరిగి, "నోరు మూసుకో నరేశ్," అన్నారు. రెండేళ్ళలో ఆవిడ నన్ను అలా అనడం అదొక్కసారే. తర్వాత నా చేతిలో కాగితం తీసుకుని, చూడకుండానే మడిచి చెత్తబుట్టలో వేశారు. ఏప్రను కట్టుకుని, దుకాణం తెరవమన్నారు. ఆ రోజంతా ఆవిడ మామూలుగానే ఉన్నారు. వచ్చినవాళ్ళకు మామూలుగానే ప్రశ్నలు వేశారు. మధ్యలో ఒకసారి గాజు తలుపులో తన మొహం చూసుకుని, కొప్పు సవరించుకుని, ఊరికే నవ్వుకున్నారు. నేను మాత్రం ఓడిపోయినట్టు తిరిగాను. అంత కష్టపడి ఒక్క తేదీ సాధించలేకపోయానని బాధ. ఆవిడకు దొరికింది నా కళ్ళముందే దొరికినా నాకు కనబడలేదు.

చదువయ్యాక బర్నబీలో ఈ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. బయలుదేరే రోజున, "మరి మీకు బర్త్‌డే విషెస్ ఎప్పుడు చెప్పాలె ఆంటీ?" అని అడిగాను. "నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు చెప్పు. రోజు నాకెలాగూ తెలీదు, నీకెలా తెలుస్తుంది," అన్నారు. నేను దాన్ని సీరియస్‌గానే తీసుకున్నాను. ఏడాదికొకసారి, మనసుకు తోచిన రోజున ఫోన్ చేసి, "హ్యాపీ బర్త్‌డే ఆంటీ," అనేవాణ్ణి. ఒకసారి మార్చిలో, ఒకసారి ఆగస్టు చివర్లో, ఒకసారి ఆఫీసులో మీటింగు మధ్యలోంచి లేచి వెళ్ళి. "ఈ ఏడు ఇవాళా? మంచిది," అనేవారు. చెప్పిన ప్రతిసారీ, ఆవిడ నాకు చేసిన పని ఒకటి గుర్తు చేసేవాణ్ణి. అదే పద్ధతి కదా.

పోయిన చలికాలంలో రవి ఫోన్ చేశాడు. ఆవిడ నిద్రలోనే పోయారని చెప్పాడు. చెప్పి, ఇంగ్లీషులో అడిగాడు. అంత్యక్రియలకు వచ్చేవాళ్ళకు ఇచ్చే కార్డు అచ్చు వేయిస్తున్నాను, పుట్టిన తేదీ ఫిబ్రవరిదే కదా, నువ్వు పార్టీ చేసింది ఆ రోజే కదా అని. అతనికి ఏమీ తెలియదు. ఆవిడ చెప్పలేదు. చెప్పే హక్కు నాకుందో లేదో తెలియదు. అవునంటే ఆవిడ ఇంకోసారి అక్క తేదీ మీదే వెళ్ళిపోతారు. చివరికి మొత్తం చెప్పేశాను. అక్క సంగతి, కాగితం సంగతి, పిన్ని గారు చెప్పిన అద్దం సంగతి. "నేను ఎప్పుడూ అడగలేదు," అన్నాడు, ఈసారి తెలుగులో, చిన్నపిల్లాడి తెలుగులో. "మరి ఏం వెయ్యాలి?" అన్నాడు. నువ్వే ఆలోచించు అని చెప్పి, విమానం టికెట్లు వెతకడం మొదలుపెట్టాను.

విమానంలో వెళ్ళి దిగేసరికి కార్డులు వచ్చేశాయి. ఫోటో కింద ఆవిడ పేరు, పోయిన తేదీ. పుట్టిన తేదీ ఉండాల్సిన చోట ఒక వాక్యం, ఇంగ్లీషులో: ఈమె పుట్టాక వాళ్ళ అమ్మ మళ్ళీ పూలు పెట్టుకుంది. బూట్ల పెద్దాయన ఆ వాక్యం చదివి, టోపీ తీసి, బయటికి వెళ్ళి నిలబడ్డాడు. రవి నా దగ్గరికి వచ్చి, కనకాంబరం ఎలా ఉంటుందని అడిగాడు. తను ఎప్పుడూ చూడలేదట. నారింజ రంగు, వాసన ఉండదు, సన్నగా ఉంటుంది అని చెప్పాను. అంతకన్నా చెప్పడానికి నాకూ ఏమీ తెలియలేదు.

ఇప్పుడు ఎవరిదైనా పుట్టినరోజని తెలిస్తే, ఆ రోజున ఎవరు సంతోషించారని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు, కొందరు ఇంటికి ఫోన్ చేస్తారు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది అంతవరకే అని చెప్పొచ్చు. కానీ నాతో మిగిలిపోయింది ఇంకొకటి ఉంది, అదేమిటో నాకే సరిగా తెలియదు. బర్నబీ వచ్చాక నేను ఆవిడకు నాలుగుసార్లు శుభాకాంక్షలు చెప్పాను, నాలుగు వేరువేరు రోజుల్లో. వాటిలో ఏదో ఒకటి నిజంగా ఆ రోజే అయివుంటుందా? ఒకసారి, ఆగస్టులో అనుకుంటాను, ఫోన్ ఎత్తగానే, నేను నోరు తెరవకముందే ఆవిడ నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారని నేను అడగలేదు.